నాలుగు వేళ్ళ సందు

ఆటోల జాగ అంటే ఏంది?
పద్నాలుగు మంది ఆడోళ్ళు, పద్నాలుగు సద్ది గిన్నెలు,
రెండు నీళ్ళ క్యాన్లు, ఒక స్టెప్నీ,
సాలమ్మ తమలపాకుల సంచి.
అండ్ల నేను పాటకింత బరువు తేవాలనుకున్న.

ముందట రెండు స్పీకర్లున్నయి, పాతయి.
గొంతుంది వాటికి, కడుపు లేదు.
డప్పు కొట్టినా రేకు మీద గోరు గీకినట్టే.

నల్లగొండ ప్రకాశం బజార్ల మోయిజ్ భాయ్ దుకాణం.
గోడకు నిలబెట్టిన పెట్టెలు చూపిచ్చిండు,
పన్నెండించులది, పదించులది,
ఒక్కొక్కటి బియ్యం డబ్బ అంత.
"గిది పెడితే కలమ్మను దించాలె భాయ్" అన్న.
"కలమ్మ ఎవరు?"
"పొద్దుగాల ఇరవై రూపాలు, పొద్దుమీకి ఇరవై."
నవ్వి లోపలికి పోయి
బడిపిల్లగాని పలక లెక్క ఒకటి చంకల పెట్టుకొచ్చిండు.
నాలుగు వేళ్ళ మందం, ఎనిమిదించుల నోరు,
యాంప్లిఫయర్ అండ్లనే ఉన్నదట.
"సీటు కిందికి పోతది. పెద్దదంత మోగదు, అబద్ధమెందుకు."
ఆ ఆఖరి మాటకే కొన్న,
సగం నగదు, సగం కిస్తీలు.

నా ఎనక ఎదురుబొదురు కూసునే చెక్క ఉంటది గద,
దాని కింద బోల్టులేసి
గబ్బిలం తీరు తలకిందులుగ ఏలాడదీసినం.
గిన్నెలకు గిన్నెల జాగ మిగిలింది.
బ్యాటరీ నుంచి ఎర్ర వైరు, నడుమ ఫ్యూజు.
నల్ల వైరు కోసం బాడీ మీద రంగు గీకిండు,
మెరిసే ఇనుము తగిలేదాక గీకిండు.
"భూమి సరిగ దొరకకపోతే ఏదైన గుయ్యిమంటది" అన్నడు.
మా దిక్కు కౌలురైతును అడిగినా గదే చెప్తడు.

తెల్లారి కనగల్ దాటంగనే నాబు తిప్పిన.
దెబ్బ పడ్డది.
పాటది కాదు, పద్నాలుగు మూతలది.
గలగల గలగల,
చారు ఒలికింది, నంబరు ప్లేటు ఇకిలిచ్చింది,
"కడుపుల ఎవలో ఇసుర్రాయి తిప్పుతున్నరు
ఆపురా జానయ్యా" అని కలమ్మ ఒర్రింది.
ఎవరి తొక్కో ఎవరి బువ్వలనో కలిసింది.
ఆ పొద్దంత నాతోని ఎవ్వలు మాట్లాడలే.

వాళ్ళు చేన్ల ఉన్నంతసేపు
పాత సైకిల్ ట్యూబు కోసి
ప్లేటు ఎనక అతికిచ్చిన, మడ్‌గార్డు సందుల కుక్కిన,
గిన్నెల కింద గోనెసంచి మడతపెట్టిన.
మోగేది మోగాలె, మోగరానిది మోగొద్దు:
గంతే పని, గంతకే సగం దినం గడిచింది.

పొద్దుమీకింది.
దినమంత పత్తి ఏరిన నడుములు
ఒంగినవి ఒంగినట్టే ఆటోలెక్కినయి.
చెక్క మీద సాలమ్మ.
రెండు కిలోమీటర్లు పోయినంక
"ఓ పిలగా, పాట తగ్గియ్యి" అన్నది.
నాబు మీద చెయ్యేసిన.
"అది కాదురా. కిందిదాన్ని ఉండనియ్యి."
అద్దంల చూసిన.
కండ్లు మూసుకొని, నడుము ఎనక్కి ఆనిచ్చి,
నోట్ల ఆకు నమలుడు గూడ మర్శిపోయింది.

తెల్లారి నుంచి ఆ చెక్క మీద జాగకు కొట్లాట.
"నిన్న నువ్వు కూసున్నవు." "నా మోకాళ్ళు చూడు."
నలుగురే పడతరు. తండా మంగ్లీ
దస్తీకి ముడులేసి వంతులు లెక్క పెడుతది,
దాని లెక్క తప్పదు, కలమ్మ గూడ ఎదురు చెప్పది.

ఇప్పుడు మా ఆటో పోతుంటే
రోడ్డు పక్కోళ్ళకు పాట ఇనబడదు.
ఎక్కడనో బావి మోటరు నడుస్తున్నదనుకుంటరట.
పైగొంతు నేనే తీసేసిన, అడుగు ఉంచిన.
ఇంక నాలుగు కిస్తీలున్నయి.
ఏం పాటనో అది, పెట్టిన నాకే తెల్వది.

ఊరొచ్చిందని నేను పిలువ.
నాబు సున్నకు తిప్పుత.
ఆ ఊకుండుటకు ఒక్కొక్కలు ఉలిక్కిపడి లేసి
చీకట్ల ఎవల గిన్నె వాళ్ళు తడుముకుంటరు.
గప్పుడు మోగుతయి మూతలు,
ఖాళీవి.